నాన్నగారి స్ప్లెండర్ ట్యాంకు దింపే ముందు

తమ్ముడూ, నువ్వు చెప్పింది ఇదీ. నాన్నగారి 2009 స్ప్లెండర్ ప్లస్ వానాకాలమంతా కవిటిలో మీ దొడ్లో కొబ్బరిచెట్టు కింద ఉండిపోయింది. ఇప్పుడు కిక్కు కొడితే స్టార్టవుతోంది, అర కిలోమీటరు వెళ్ళి ఆగిపోతోంది, రిజర్వులో పెడితే ఇంకా తొందరగా ఆగుతోంది. కార్బొరేటర్ (ఇంజనుకి పెట్రోలూ గాలీ కలిపి పంపేది) కింద కప్పుకి ఉన్న డ్రెయిన్ స్క్రూ వదులు చేస్తే టీ రంగు నీళ్ళు పడ్డాయి. ట్యాంకు ఇంట్లో నువ్వే దింపి, కడిగి, మళ్ళీ ఎక్కించొచ్చా అని అడిగావు.

ఎక్కించొచ్చు. శ్రీకాకుళంలో ఇరవై ఆరేళ్ళుగా నా పని ఇదే కాబట్టి ధైర్యంగా చెబుతున్నాను. స్పానర్ పట్టడం వచ్చినవాడికి స్ప్లెండర్ ట్యాంకు దింపడం పావుగంట పని. ముందు రెండు రబ్బర్లు, వెనక ఒక బోల్టు, కింద ఒక పైపు, ఒక వైరు సాకెట్, అంతే దాన్ని పట్టుకుని ఉండేవి. కష్టమంతా రెండు చోట్ల ఉంది. ఒకటి, దింపేటప్పుడు పెట్రోలు ఆవిరి. రెండోది, ఎక్కించాక చేసే పరీక్ష. వీడియోల్లో చూపించేదంతా బోల్టు విప్పడమే. అందుకే ఈ రెండిటి గురించే ఎక్కువ రాస్తాను, ఓపిగ్గా చదువు.

ముందు నీ బండి ఎందుకు ఆగుతోందో చెప్తాను. నీరు పెట్రోలు కన్నా బరువు, అడుగున చేరుతుంది. పెట్రోల్ కాక్ అంటే ట్యాంకు కింద పెట్రోలు తెరిచి మూసే కుళాయి, దాని లోపల ట్యాంకులోకి లేచి ఉండే గొట్టం ఒకటి ఉంటుంది, కాక్ ఆన్‌లో ఉన్నప్పుడు ఆ గొట్టం పై అంచు నుంచి పెట్రోలు దిగుతుంది. రిజర్వులో పెడితే అడుగున ఉన్న రంధ్రం నుంచి దిగుతుంది. నీ ట్యాంకు అడుగున నీళ్ళున్నాయి గనక రిజర్వు తిప్పగానే ముందు నీళ్ళే దిగుతున్నాయి. ఆ నీళ్ళు ఎలా వచ్చాయంటే, మూత కింద రబ్బరు వాషర్ ఇన్నేళ్ళకి గట్టిపడి బీట ఇచ్చి ఉంటుంది, వాన నీరు అక్కడినుంచి జారింది. ఇంకో దారి గాలి. సగం ఖాళీగా ఉన్న ట్యాంకులో రాత్రి చల్లబడినప్పుడు తేమ లోపలి రేకుకి పట్టి బొట్లు కడుతుంది. మన జిల్లాకి 193 కిలోమీటర్ల సముద్రతీరం ఉంది, కవిటిలో నువ్వు పీల్చే గాలే ఉప్పు గాలి. దానికి తోడు ఇప్పుడు బంకులో పోసే పెట్రోల్లో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది, అది తేమని తనలోకి లాక్కుంటుంది. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను పోయాక మీ కవిటి వైపు ఉద్దానం నుంచి మా షెడ్డుకి వచ్చిన బళ్ళు అన్నిట్లోనూ ఇదే రంగు నీళ్ళు చూశాను.

ఇంక చోటు గురించి. నాకు పంతొమ్మిదేళ్ళప్పుడు మా ఊళ్ళో, మా ఇంటి వెనక, ఒక ట్యాంకు ఖాళీ చేసి మూడు లీటర్ల పెట్రోలు ప్లాస్టిక్ బేసిన్లో పట్టి నేలమీద పెట్టాను. సాయంత్రం ఆరున్నర. గాలి లేదు. మా నాయనమ్మ ఎప్పట్లాగే తులసికోట దగ్గర దీపం పెట్టింది, బేసిన్‌కి ఎనిమిది అడుగుల దూరం ఉంటుంది. చుట్టూ చూస్తే ఏమీ లేదు, వాసన తప్ప. దీపం నుంచి సన్నటి నీలిమంట నేలమీద చీమలబారులా పాకి బేసిన్ దగ్గరికి రావడం నా కళ్ళతో చూశాను. తర్వాత భగ్గున లేచింది. గుమ్మంలో కాళ్ళు తుడుచుకోడానికి తడిపి పెట్టిన గోనెసంచి ఉండబట్టి దాన్ని మంటమీద పడేసి ఆర్పగలిగాను. ఎడమ మోచేతి కింద తోలు ఊడింది, నాయనమ్మకి ఏమీ కాలేదు. ఆ రోజునుంచి నా షెడ్లో ట్యాంకు విప్పే చోట తడి గోనెసంచి, ఇసుక బకెట్టు లేకుండా స్పానర్ ముట్టుకోనివ్వను.

అక్కడ జరిగిందేమిటంటే పెట్రోలు ఆవిరి గాలికన్నా బరువు. పైకి పోదు, నేలని అంటిపెట్టుకుని పల్లంలోకి పాకుతుంది. మన వాతావరణంలో అది ఆవిరి కాకుండా ఉండే రోజంటూ లేదు, మైనస్ 40 డిగ్రీల దగ్గర కూడా నిప్పందుకునే సరుకది. గాలిలో నూటికి ఒకటిన్నర వంతు నుంచి ఏడున్నర వంతు దాకా కలిస్తే చాలు, నిప్పురవ్వకి అంటుకుంటుంది. అందుకని వరండాలో వద్దు, వంటింటి వెనక వద్దు. పొద్దున్న ఎనిమిదింటికి, గాలి ఆడే దొడ్లో, పొయ్యికీ దీపానికీ దోమల చక్రానికీ బాగా దూరంగా పెట్టుకో. ఇంట్లోవాళ్ళకి ముందే చెప్పు, ఆ గంటసేపు అటు దీపం పెట్టొద్దని. మీ ఉద్దానం ఇళ్ళల్లో బోరు మోటారుకి ఆటో స్టార్టర్ ఉంటుంది, కరెంటు రాగానే దానంతటది టక్కున కొడుతుంది. ఆ కొట్టడంలో నిప్పురవ్వ ఉంటుంది. మెయిన్ స్విచ్ ముందే దింపేసి ఆ తర్వాత పని మొదలుపెట్టు. పని మధ్యలో మాత్రం ఏ స్విచ్చూ వెయ్యొద్దు, తియ్యొద్దు.

బండి పూర్తిగా చల్లారాలి, రాత్రంతా వదిలేస్తే మంచిది. మెయిన్ స్టాండు వెయ్యి. సైడ్ కవర్లు తీసి సీటు బోల్టులు విప్పి సీటు పక్కన పెట్టు. బ్యాటరీ నెగెటివ్ వైరు తీసెయ్యి. బిగించేటప్పుడు అది ఆఖర్న.

ట్యాంకులో ఉన్నదాన్ని ముందు ఖాళీ చెయ్యి. పెట్రోలు లీటరు సుమారు ముప్పావు కిలో తూగుతుంది, అయిదు లీటర్లున్నా దాదాపు నాలుగు కిలోలు లోపల అటూ ఇటూ ఊగుతూ ట్యాంకుని నీ చేతిలోంచి లాగుతుంది. కాక్ ఆఫ్ చేసి కార్బొరేటర్ వైపు పైపు క్లిప్పు నొక్కి వెనక్కి జరిపి పైపు తియ్యి. పదిహేనేళ్ళ పైపు కార్బొరేటర్‌కి అతుక్కుపోయి ఉంటుంది. కటింగ్ ప్లేయర్‌తో లాగితే కార్బొరేటర్‌కి పైపు తొడిగే ముక్కు విరుగుతుంది. పైపుని మెల్లిగా అటూ ఇటూ తిప్పితే వదులుతుంది, వదలకపోతే కోసెయ్, ఎలాగూ కొత్తది వెయ్యాలి. ఆ పైపుని మూతున్న ఇనుప డబ్బాలో పెట్టి కాక్ రిజర్వుకి తిప్పు. ప్లాస్టిక్ బేసిన్ వద్దు, కూల్‌డ్రింక్ సీసా అసలే వద్దు. కారే పెట్రోలు వల్ల ప్లాస్టిక్ మీద స్థిర విద్యుత్తు పేరుకుంటుంది. ఆపైన ఎర్రగా మెరిసే ద్రవం సీసాలో కనపడితే ఇంట్లో చిన్నపిల్లలు ఏమనుకుంటారో నీకు తెలుసు. నోటితో పైపు పీల్చడం మన పల్లెల్లో ఇప్పటికీ ఉంది. నువ్వు చెయ్యకు. ఒక్క గుక్క ఊపిరితిత్తుల్లోకి పోతే న్యుమోనియా వస్తుంది. ఎవరైనా పొరపాటున మింగితే వాంతి చేయించకుండా నేరుగా ఆసుపత్రికి తీసుకెళ్ళాలి.

కొద్దిగా పెట్రోలు ఒక గాజు గ్లాసులో పట్టి పది నిమిషాలు కదపకుండా ఉంచు. కింద వేరే పొర కడితే అదే నీ జబ్బు. ఇథనాల్ పెట్రోల్లో నీళ్ళు ఎక్కువైతే ఆ నీళ్ళతోపాటు ఇథనాల్ కూడా అడుగుకి దిగిపోతుంది, పైన మిగిలిన పెట్రోలు మునుపటి పెట్రోలు కాదు. పైన తేటగా ఉంది కదా అని వంచి మళ్ళీ పొయ్యకు. కాలువలో గానీ నూతి దగ్గర గానీ పారబొయ్యకు. ఎవరైనా మెకానిక్కుకి ఇచ్చెయ్, విడిభాగాలు కడుక్కోడానికి వాడుకుంటాడు.

ఇప్పుడు ఫోనుతో నాలుగు ఫోటోలు తీసుకో. ట్యాంకు కింద క్లచ్ వైరు, యాక్సిలరేటర్ వైరు, హెడ్‌లైటు నుంచి వచ్చే వైరింగు కట్ట ఏ పక్కనుంచి వెళ్తున్నాయో రెండు వైపులనుంచీ కనపడాలి. ఎక్కించేటప్పుడు ఈ ఫోటోలే నీకు గురువు. పెట్రోలు ముల్లు మీటరు వైరు సాకెట్ దగ్గర నొక్కుడు ఉంటుంది, నొక్కి విప్పు, వైరు పట్టుకుని లాగకు. వెనక బోల్టు విప్పితే దానితో ఒక రబ్బరు బుష్, బుష్‌లో ఒక ఇనుప కాలరు వస్తాయి, ఆ కాలరు దూరంగా దొర్లిపోతుంది, జేబులో వేసుకో. తర్వాత ట్యాంకు వెనక భాగాన్ని రెండంగుళాలు లేపి నీ వైపుకి లాగు. ముందు రబ్బర్ల నుంచి జారి వస్తుంది. రాకపోతే గుద్దొద్దు, ఏదో ఇంకా పట్టుకునుందని అర్థం, వంగి చూడు. ట్యాంకుని సిమెంటు మీద పెట్టకు, పాత దుప్పటి వేసిన మంచం మీద పెట్టు. నాన్నగారి బండి మీద గీత పడితే ఆయన అనేది నువ్వు వినాలి కదా.

ఒక మాట. 2020 ఏప్రిల్ తర్వాత వచ్చిన బీఎస్-6 (పొగ కాలుష్యం తగ్గించే ప్రమాణం) స్ప్లెండర్లకి ఈ పద్ధతి పనికిరాదు. వాటికి పంపు ట్యాంకు లోపలే ఉంటుంది, పైపులో సుమారు 3 బార్ల ఒత్తిడి మీద పెట్రోలు ఉంటుంది. పైపు అలా లాగేస్తే మొహం మీద చిమ్ముతుంది. ముందు పంపు సాకెట్ పీకి, ఇంజను స్టార్టు చేసి దానంతటది ఆగేదాకా నడపాలి, అప్పుడు తాళం తీసి బ్యాటరీ విప్పి పైపు ముట్టుకోవాలి. మీ వీధిలో కుర్రాళ్ళు నిన్ను చూసి తమ బళ్ళు తెస్తారు, అందుకు చెప్పాను.

కడగడం. కాక్, మీటరు ఫ్లోటు యూనిట్ (పెట్రోలు మట్టంతోపాటు తేలే బెండు, దాని చెయ్యి) రెండూ విప్పు. ఫ్లోటు చెయ్యి ఎటు తిరిగి ఉందో మార్కరుతో గీత పెట్టుకో. కాక్ మీద సన్నటి జాలీ ఉంటుంది, అది తుప్పుతో కాఫీపొడి డికాక్షన్ గుడ్డలా ఉంటుంది నీకు. ట్యాంకుని అరగంట మూత తీసి ఎండలో ఉంచి, గిన్నెలు తోమే సబ్బునీళ్ళు పోసి బాగా ఊపి రెండు మూడుసార్లు పారబొయ్. పెట్రోలు జిడ్డు పోతేనే మందు తుప్పుని పట్టుకుంటుంది. కింద రెండు రంధ్రాలకీ పాత సైకిల్ ట్యూబు ముక్క కత్తిరించి పెట్టి, పైన రేకు ముక్క ఆనించి, వాటి బోల్టులతోనో పట్టీతోనో బిగించు.

మందు అంటే కిరాణా కొట్లో దొరికే నిమ్మ ఉప్పు, అదే సిట్రిక్ యాసిడ్. లీటరు గోరువెచ్చటి నీటికి 60 నుంచి 80 గ్రాములు చొప్పున కలిపి ట్యాంకు నిండా పొయ్యి. పది లీటర్ల ట్యాంకుకి ఏడు వందల గ్రాములు అవుతుంది. నిండా పొయ్యాలి, సగం పోస్తే పై రేకుకి తగలదు, తుప్పు ఎక్కువ పట్టేది అక్కడే. మూత బిగించొద్దు, లోపల హైడ్రోజన్ పుడుతుంది, అది కూడా మండే గ్యాసే. సాయంత్రం పోసి పొద్దున్న తియ్యి. రోజులకొద్దీ వదిలేస్తే మంచి రేకుని కూడా తింటుంది. రంగు మీద ఒలికితే వెంటనే కడుగు. పాయిఖానా కడిగే యాసిడ్ పోస్తే గంటలో తెల్లగా అవుతుందని నీకు ఎవరైనా చెప్తారు. అవుతుంది, మూడు నెలల్లో అడుగున చిల్లులు పడతాయి. అలాంటి ట్యాంకులు చాలా చూశాను.

పొద్దున్న ఆ నీళ్ళు పారబోస్తే నల్లగా వస్తాయి, లోపల టార్చి వేసి చూస్తే రేకు బూడిదరంగులో కనపడాలి. వెంటనే వంటసోడా నీళ్ళతో ఒకసారి, మామూలు నీళ్ళతో రెండుసార్లు కడిగి, బోర్లించి, ఎండలో ఉంచు. తడి రేకు కళ్ళముందే మళ్ళీ ఎర్రబడుతుంది, కాబట్టి పొద్దున్న ఎండ బాగా ఉన్న రోజే ఈ పని పెట్టుకో. హెయిర్ డ్రయర్ పెట్టకు, దానిలో ఎర్రగా కాలే తీగ ఉంటుంది. పూర్తిగా ఆరిందనిపించాక గుప్పెడు ఇంజనాయిల్ పోసి, ట్యాంకుని అన్ని వైపులా తిప్పి, మిగిలింది వంచెయ్. ఆ పొర తుప్పుని ఆపుతుంది, తర్వాత పెట్రోలుతో కొట్టుకుపోతుంది, కొంచెం పొగ వస్తే కంగారుపడకు.

టార్చి వెలుగులో ఎక్కడైనా సూదిమొనంత చిల్లు కనిపిస్తే సబ్బు ముక్క రుద్దితే ఆగుతుంది, ఆ కాసేపు బండిని ఇంటికి చేర్చడానికే అది. వెల్డింగ్ మాత్రం ఇంట్లో గానీ, తలుపుల గ్రిల్లులు చేసేవాడి దగ్గర గానీ పెట్టించొద్దు. ఖాళీ ట్యాంకు నిండు ట్యాంకు కన్నా ప్రమాదం, ఎందుకంటే దానిలో ఉండేది మండడానికి సరిపడా గాలి కలిసిన ఆవిరి. ట్యాంకులు అతికే పని తెలిసినవాళ్ళు కడిగి, నీళ్ళు నింపి పని చేస్తారు. అంతకన్నా కొత్త ట్యాంకు కొనుక్కోవడం మంచిది.

ఇప్పుడు ఎక్కించడం. కొత్తవి కొనాల్సినవి నాలుగు: మూత వాషరు, కాక్ వాషరు, ఫ్లోటు యూనిట్ వాషరు, పెట్రోలు పైపు. పైపు అంటే పెట్రోలు పైపనే అడుగు. మేస్త్రీలు మట్టం చూసుకునే పారదర్శకం గొట్టం చాలామంది వేసేస్తారు, బాగా కనపడుతుంది కదా అని. అది పెట్రోలు తగిలి ఆరు నెలల్లో కొమ్ములా గట్టిపడి క్లిప్పు దగ్గర చీలుతుంది. చీలితే పెట్రోలు పడేది వేడి ఇంజను మీద.

కాక్ బిగించి లీటరు పెట్రోలు పోసి, ట్యాంకుని రెండు ఇటుకల మీద ఎత్తుగా పెట్టు. అడుగున తెల్ల కాగితం పరిచి అరగంట చూడు. పొడిగా ఉంటే కాక్ తెరిచి పైపుని డబ్బాలో పెట్టు, మూత బిగించే ఉంచు. ధార ఒకే తీరుగా పడాలి. కాసేపటికి సన్నగిల్లి ఆగిపోయి, మూత తీయగానే గుడగుడమని మళ్ళీ పడితే, మూతలో గాలి రంధ్రం పూడిపోయింది. సన్నటి తీగతో తెరువు. ఈ రంధ్రం ఒక్కటి మూసుకుపోయి కార్బొరేటర్ మీద కార్బొరేటర్ మార్చినవాళ్ళున్నారు.

ట్యాంకు పెట్టే ముందు ఫ్రేము వైపు చూడు. ముందు రెండు రబ్బర్లు బీటలు లేకుండా వాటి స్థానంలో ఉన్నాయా? వాటికి సబ్బునీళ్ళు రాస్తే ట్యాంకు జారుతుంది, గ్రీజు గానీ ఆయిల్ గానీ రాస్తే రబ్బరు ఉబ్బిపోతుంది. తర్వాత వైరింగు కట్ట. పని నేర్చుకున్న రెండో ఏట నేను బిగించిన ఒక ట్యాంకు కింద ఒక వైరు ఫ్రేముకీ రేకుకీ మధ్య ఇరుక్కుంది. ఆ రోజు ఏమీ తెలియలేదు. బండి రోడ్డు మీద కుదిలినప్పుడల్లా రేకు ఆ వైరు తోలుని రాస్తూ వచ్చింది. నెలన్నర తర్వాత రణస్థలం దగ్గర హైవే మీద, రాత్రి పదింటికి, ఫ్యూజు పోయి లైటూ ఇంజనూ ఒక్కసారే ఆగిపోయాయి. వెనక లారీ ఉంది. బండి నడిపే ఆయన పక్కకి తియ్యగలిగాడు గనక ఆయన మర్నాడు నా దగ్గరికి వచ్చి చెప్పగలిగాడు. ట్యాంకు లేపి చూస్తే రాగి తీగ బియ్యపుగింజంత మేర మెరుస్తోంది. అందుకే ఫోటోలు తీసుకోమన్నాను. ట్యాంకు సగం జరిపి ఆగి, కింద వేలు పెట్టి రెండు వైపులా తడిమి చూడు, వేలికి ఏ వైరూ గట్టిగా తగలకూడదు.

రబ్బర్లలోకి పూర్తిగా జరిగాక ట్యాంకు ముందు భాగం పట్టుకుని అటూ ఇటూ కదుపు. ఒక పక్క మాత్రమే ఎక్కితే వెనక బోల్టు రంధ్రం కుదరదు, కుదరలేదని బోల్టుని బలవంతంగా పెట్టేవాళ్ళు మరలు పోగొడతారు. కాలరు, బుష్ మర్చిపోకు. బోల్టు కాలరుకి ఆనేదాకా బిగిస్తే చాలు, రబ్బరు నలిగేలా లాగక్కర్లేదు. పైపు మెలిక తిరగకుండా, వేడి ఇంజనుకి ఆనకుండా పెట్టి, రెండు చివర్లా క్లిప్పులు ముక్కు ఉబ్బుకి లోపలి వైపు కూర్చోబెట్టు. ముల్లు మీటరు సాకెట్ టక్కుమనాలి.

పెట్రోలు పోసి కాక్ తెరువు, బ్యాటరీ వైరు ఇంకా పెట్టకు. అయిదు నిమిషాలాగి పొడి కాగితం ముక్కతో పైపు రెండు చివర్లూ, కాక్ మొదలూ, ఫ్లోటు యూనిట్ చుట్టూ ఒత్తు. కాగితం మీద పెట్రోలు మరక కనపడితే అక్కడ విప్పి మళ్ళీ బిగించు. కంటికి కనపడని తడి కాగితానికి తెలుస్తుంది. కార్బొరేటర్ కప్పు స్క్రూ మరోసారి వదులు చేసి తేట పెట్రోలు వచ్చేదాకా డబ్బాలోకి వదులు. తర్వాత బ్యాటరీ, సీటు.

స్టార్టు చేసి స్లోలో నడుస్తుండగా హ్యాండిల్ పూర్తిగా ఎడమకి, పూర్తిగా కుడికి తిప్పు. ఇంజను శబ్దం పెరిగితే యాక్సిలరేటర్ వైరు ట్యాంకు కింద ఇరుక్కుంది, మలుపులో బండి దానంతటది పరుగెడుతుంది. హ్యాండిల్ రెండు వైపులా తిప్పి క్లచ్ కూడా పట్టి చూడు. ఇది సరిగ్గా ఉందని తేలేదాకా గేటు దాటించకు.

మొదటిసారి రెండు లీటర్లే పోసి ఇచ్ఛాపురం దాకా వెళ్ళి రా. రాత్రి బండి కింద తెల్ల కాగితం పరిచి పెట్టు. వంద కిలోమీటర్లయ్యాక కాక్ జాలీ, కార్బొరేటర్ కప్పు ఒకసారి విప్పి చూడు. ఎర్రపొడి చిటికెడు ఉంటే తుడిచి వదిలెయ్, చెంచాడు ఉంటే నిమ్మ ఉప్పు ఇంకోసారి పట్టించాల్సిందే. మీ ఊళ్ళో మళ్ళీ వానాకాలానికి బండి నిలబెట్టాల్సి వస్తే ట్యాంకు నిండా పోయించి నిలబెట్టు, లోపల గాలికి చోటుంటేనే తేమకి చోటు.